క్లచ్ పెడల్ స్పాంజిలా దిగుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఒక స్కేలు తీసుకోండి

మీ 2003 మోడల్ క్వాలిస్‌లో క్లచ్ పెడల్ స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా దిగుతోందనీ, పొద్దున పూట రివర్స్ గేరు గరగరమంటోందనీ, రెండు మూడు సార్లు గబగబా పెడల్ కొడితే మాత్రం శుభ్రంగా పడుతోందనీ రాశారు. షెడ్డులో చూపిస్తే క్లచ్ ప్లేటు అయిపోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నారట. దించనివ్వకండి, కనీసం ఇప్పుడే వద్దు. మీరు రాసిన ఆ "రెండు మూడు సార్లు కొడితే" అన్న ముక్కలోనే సగం జవాబు ఉంది. అరిగిపోయిన క్లచ్ ప్లేటు, మీరు పెడల్ ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ మందం పెరగదు కదా.

నేను మెకానిక్ చదువు చదివినవాణ్ణి కాదు. ట్రావెల్స్ బండ్లు నడిపి, తర్వాత సొంతంగా రెండు క్వాలిస్‌లు, ఒక సుమో మేపినవాణ్ణి. మేపడం అనే మాట ఊరికే అనలేదు, పాత బండి ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతోందో చెప్తాను, అది తెలిస్తే మిగతాది మీరే పట్టేస్తారు. మారుతి 800లో పెడల్‌కీ క్లచ్‌కీ మధ్య ఉండేది ఒక కేబుల్. కేబుల్ సాగుతుంది, పట్టేస్తుంది, ఒక రోజు నడిరోడ్డు మీద తెగుతుంది, కానీ స్పాంజిలా అవ్వదు. క్వాలిస్, సుమో లాంటి బండ్లలో ఆ కేబుల్ పని బ్రేక్ ఆయిల్ చేస్తుంది. పెడల్ తొక్కితే ఒక రాడ్ ముందుకి వెళ్లి, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు మీద ఉన్న క్లచ్ మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్‌ని తోస్తుంది. అక్కడి ఆయిల్ సన్నటి ఇనుప పైపులోంచి, చివర్లో చిన్న రబ్బరు పైపులోంచి కిందకి వచ్చి గేర్‌బాక్స్ ముందు భాగం పక్కన బిగించి ఉన్న స్లేవ్ సిలిండర్‌ని తోస్తుంది. స్లేవ్ రాడ్ ఫోర్కుని, ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ని, బేరింగ్ ప్రెషర్ ప్లేట్ వేళ్లని నొక్కుతాయి. అప్పుడు క్లచ్ విడుతుంది.

ద్రవాన్ని ఎంత నొక్కినా దాదాపుగా కుంచించుకోదు. గాలి కుంచించుకుంటుంది. పాత రబ్బరు ఉబ్బుతుంది. పెడల్ స్పాంజిలా ఉందంటే మీ కాలి బలం క్లచ్ దాకా వెళ్లకుండా దారిలో ఈ రెండింట్లో ఒకదాన్ని పిసకడానికి ఖర్చయిపోతోందన్నమాట. క్లచ్ ప్లేటు ఈ దారిలో లేనే లేదు. అది అరిగితే బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది కానీ స్పీడు పెరగదు, కాలిన వాసన వస్తుంది, అంతే తప్ప పెడల్ మెత్తబడదు. ప్రెషర్ ప్లేటు పాతబడితే పెడల్ సాధారణంగా ఇంకా గట్టిపడుతుంది.

అన్ని "మెత్త"లూ ఒకటి కావు, ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. తొక్కితే రబ్బరు బంతిలా కిందకి వెళ్లి, వెనక్కి తోస్తూ, కొడుతున్నకొద్దీ గట్టిపడుతుంటే అది గాలి, లేదా ఉబ్బే పైపు. తొక్కి పట్టుకుంటే మొదట గట్టిగానే ఉండి, నెమ్మదిగా, పంక్చరైన ట్యూబులా జారుకుంటూ పోతుంటే మాస్టర్‌లో రబ్బరు కప్పు అరిగి ఆయిల్ లోపల్లోపలే వెనక్కి దాటుతోంది. పై సగమంతా ఖాళీగా తగిలీ తగలనట్టు ఉండి, కింద సగంలో మామూలుగా గట్టిగా ఉంటే అది హైడ్రాలిక్ గొడవ కాకపోవచ్చు, రాడ్ ఫ్రీ ప్లే (రాడ్ పిస్టన్‌కి తగిలేదాకా పెడల్ ఖాళీగా కదిలే దూరం) ఎక్కువైందో, పెడల్‌కి రాడ్ తగిలించే పిన్ను అరిగిందో చూడాలి. తొక్కాక పైకి రాకుండా నేలకే అతుక్కుపోతే ఆయిల్ బయటికే పోయింది, బానెట్ కింద ఆయిల్ డబ్బా చూడండి.

కొడితే గట్టిపడటం ఎందుకంటే, పెడల్ గబగబా వదిలినప్పుడు మాస్టర్ కప్పు అంచు మీదుగా డబ్బాలోంచి కొంచెం కొంచెం అదనపు ఆయిల్ ముందుకి దూరుతుంది. ఆ అదనపు ఆయిల్ గాలి బుడగని నొక్కేసి తాత్కాలికంగా మీ పని గడుపుతుంది. కాసేపు కాలు తీస్తే ఆ ఆయిల్ మాస్టర్‌లో ఉన్న సన్నటి రంధ్రం గుండా మళ్లీ డబ్బాలోకి చేరుకుంటుంది, పెడల్ మళ్లీ మొదటికొస్తుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే ఎక్కువ ఏడిపించడానికి మామూలుగా కారణం ఇదే. కొందరికి దీనికి సరిగ్గా ఎదురు, పొద్దున బాగుంటుంది, ట్రాఫిక్‌లో గంట నడిచాక మెత్తబడుతుంది. అలాంటప్పుడు వేడికి ఉబ్బే పైపునో, నీరు పట్టేసిన ఆయిల్‌నో అనుమానించాలి.

నా మొదటి క్వాలిస్‌కి వచ్చింది ఈ రెండో రకం. కుటుంబంతో శ్రీశైలం వెళ్తున్నాం, దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ సెకండ్, థర్డ్ మార్చి మార్చి పెడల్ నీరుగారిపోయింది. మూడేసి సార్లు కొట్టుకుంటూ, దేవుణ్ణి తలచుకుంటూ సున్నిపెంట దాకా లాక్కొచ్చాను. చల్లారాక మామూలైపోయింది. ఇంటికొచ్చి ఒక షెడ్డులో ఇస్తే మీకు చెప్పిందే నాకూ చెప్పారు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ మార్చారు, రెండు రోజుల కూలీ తీసుకున్నారు. బండి తీసుకుని ఊరి బయటికి రాకముందే పెడల్ మళ్లీ అదే తీరు. తర్వాత ఇంకో షెడ్డులో ఒక పెద్దాయన ఏ పానా పట్టకుండా, మా అబ్బాయిని పెడల్ తొక్కమని, కింద పడుకుని ఆ జానెడు రబ్బరు పైపుని గుప్పిట్లో పట్టుకున్నాడు. నన్నూ పట్టుకోమన్నాడు. తొక్కిన ప్రతిసారీ అది రక్తం తాగిన జలగలా ఉబ్బుతోంది. పైపు మార్చి, లోపల చేరిన గాలి (ఎయిర్) తీసేసరికి గంట. షెడ్డువాళ్లు తిరిగిచ్చిన పాత క్లచ్ ప్లేటు ఇప్పటికీ మా అటక మీద ఉంది, రివెట్ల పైన మెటీరియల్ ఇంకా బోలెడు ఉంది దాని మీద.

అందుకని మీరు ఇప్పుడు చేయాల్సింది ఇంట్లోనే, అరపూట పని.

బానెట్ ఎత్తి క్లచ్ ఆయిల్ డబ్బా చూడండి. కొన్ని బండ్లలో క్లచ్‌కి విడిగా చిన్న డబ్బా ఉంటుంది, కొన్నింట్లో బ్రేకు డబ్బాలోంచే పైపు వస్తుంది. లెవెల్ తగ్గిందా? ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. బ్రేకుల్లో ప్యాడ్లు అరిగినకొద్దీ ఆయిల్ లెవెల్ కొంచెం తగ్గడం సహజం. క్లచ్‌లో అలా కాదు. ప్లేటు అరిగినకొద్దీ ప్రెషర్ ప్లేట్ వేళ్లు బేరింగ్ వైపు జరుగుతాయి, అవి ఫోర్కునీ స్లేవ్ పిస్టన్‌నీ లోపలికి నెడతాయి, ఆ మేరకి ఆయిల్ పైకి డబ్బాలోకే వస్తుంది. అంటే లెవెల్ ఏమైనా ఉంటే పెరగాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే, "అరుగుదల వల్ల తగ్గింది సార్" అని ఎవరైనా అంటే నమ్మకండి.

డబ్బా మూత కింద రబ్బరు కూడా చూడండి. అది ఉబ్బిపోయి, వంకరపోయి, మూతలో ఇమడకుండా ఉంటే ఎవరో ఎప్పుడో ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారు. అర్ధరాత్రి హైవే మీద ఏది దొరికితే అది పోసేస్తారు, తప్పు పట్టలేం కానీ పెట్రోలియం నూనె తగిలితే ఈ రబ్బర్లు పాడైపోతాయి. అప్పుడు ఎయిర్ తీసి లాభం లేదు, ఆ నూనె తాకిన రబ్బరు ప్రతిదీ, పైపుతో సహా మార్చాల్సిందే. డబ్బా బ్రేకులతో కలిసి ఉన్న బండయితే బ్రేకులు కూడా పోతాయి కాబట్టి దాన్ని నడపనే కూడదు.

ఆయిల్ రంగు లేత తేనెలా ఉండాలి. నల్లగా ఉంటే అది అరిగిన రబ్బరు పొడి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ రకం, డబ్బా మీద రాసి ఉంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అదే 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. మా కోస్తా ఉక్కపోతలో రెండేళ్లకోసారి మార్చడం నా అలవాటు, అతి అనుకున్నా సరే. మూత మీద డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోయొచ్చు, రెండూ కలుస్తాయి. డాట్ 5 అని విడిగా సిలికాన్ రకం ఒకటి ఉంది, దాన్ని వీటిలో కలపకండి. 5.1 అనేది వేరు, అది మామూలు రకమే, పేరు చూసి కంగారుపడకండి.

తర్వాత డ్రైవర్ సీటు దగ్గర మ్యాట్ తీసి, టార్చి పట్టుకుని పెడల్ పైకి చూడండి. రాడ్ మాస్టర్‌లోకి దూరే చోట తడిగా ఉందా, కింద రేకు మీద రంగు పొక్కులు లేచి ఊడిందా? బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, అదే పెద్ద సాక్ష్యం. ఉంటే మాస్టర్ వెనక రబ్బరు పోయింది. అక్కడే ఆ పిన్నుని చేత్తో కదిపి చూడండి, రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే పెడల్ కదలికలో కొంత అక్కడే తినేస్తుంది. ఫ్రీ ప్లే చాలా టొయోటా బండ్లకి పెడల్ దగ్గర 5 నుంచి 15 మి.మీ. మధ్య ఉండాలి. పెడల్ పైకి పట్టుకోవాలని ఈ ఫ్రీ ప్లే మొత్తం తీసేసేవాళ్లున్నారు, అది ఇంకా ప్రమాదం. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక ఆ సన్నటి రంధ్రం మూసుకుపోతుంది, వేడికి పెరిగిన ఆయిల్‌కి తిరిగి వెళ్లే దారి ఉండదు, క్లచ్ తనంతట తనే కొంచెం విడిపోయి జారుతూ నిజంగానే ప్లేటు కాలిపోతుంది.

ఇప్పుడు కిందకి దూరండి. క్వాలిస్ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ లేకుండానే చేయి అందొచ్చు. ఎత్తాల్సి వస్తే మాత్రం ఒట్టి జాకీని నమ్మి బండి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి, చక్రాలకి రాళ్లు పెట్టండి. ఇంజన్ ఆఫ్. స్లేవ్ చివర రబ్బరు టోపీని వేలితో పక్కకి తీయండి. లోపల కొంచెం మురికి చెమ్మ ఉంటే సరే, ఆయిల్ బొట్లుగా కారితే స్లేవ్ కప్పు పోయింది. ఇంకొకరిని పెడల్ తొక్కమని రబ్బరు పైపు పట్టుకోండి, నేను చెప్పిన జలగ పరీక్ష.

ఇక అసలైనది స్కేలు. స్కూలు పిల్లల 15 సెం.మీ. స్కేలు చాలు. స్లేవ్ రాడ్ మీద మార్కర్‌తో గీత పెట్టండి, ఒకరు పెడల్‌ని ఒక్కసారే, నెమ్మదిగా పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, కొట్టకూడదు. రాడ్ ఎంత కదిలిందో కొలవండి. చాలా బండ్లలో ఇది 10 నుంచి 15 మి.మీ. ఆ ప్రాంతంలో ఉంటుంది. తర్వాత ఐదారు సార్లు గబగబా కొట్టించి మళ్లీ కొలవండి. మొదటిసారి ఆరో ఏడో వచ్చి, కొట్టాక పన్నెండు పదమూడు వస్తే ఇంకేం అక్కర్లేదు, లోపం హైడ్రాలిక్‌లోనే. తొక్కి పట్టుకున్న నిమిషంలోపు రాడ్ దానంతట అదే వెనక్కి వస్తుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, అది మాస్టర్. ఈ ఒక్క కొలత తీయకుండా గేర్‌బాక్స్ దించమనేవాళ్లు ఊహ మీద మీ డబ్బు ఖర్చు పెడుతున్నారు, ఎంత పేరున్న షెడ్డయినా సరే. స్లేవ్ బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే డొప్ప) లోపల, బేరింగ్ చుట్టూ ఉండే కార్లు కొన్ని ఉన్నాయి, వాటికి స్లేవ్ పోతే గేర్‌బాక్స్ దించక తప్పదు, మీ అదృష్టం మీది బయటే ఉంది.

మీరు చెప్పినదాన్ని బట్టి నా పందెం మాస్టర్ కప్పు మీద, దాని వెంట చేరిన గాలి మీద. కానీ కొలిచాకే కొనండి.

కిట్టు (కొత్త రబ్బర్ల సెట్టు) వేయాలా, మొత్తం సిలిండర్ మార్చాలా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తాను. విప్పి లోపల గోడ గుడ్డతో తుడిచి వేలు పెట్టి చూడండి. అద్దంలా ఉంటే కిట్టు చాలు. గుంటలు, తుప్పు, గోటికి తగిలే గీతలు ఉంటే కొత్త రబ్బర్లు నెలల్లోనే పోతాయి, మొత్తం మార్చేయండి. ఇరవై ఏళ్లు దాటిన బండికి నేనైతే మాస్టర్, స్లేవ్, రబ్బరు పైపు మూడూ ఒకేసారి మారుస్తాను. స్లేవ్ ఒక్కటే మార్చిన వారానికి మాస్టర్ పోయిందని ఏడ్చేవాళ్లని చాలామందిని చూశాను. అది దురదృష్టం కాదు. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ని నేల దాకా తొక్కుతారు, అన్నేళ్లుగా కప్పు వెళ్లని తుప్పు పట్టిన భాగంలోకి అది వెళ్లి చీరుకుపోతుంది. పాత మాస్టర్‌తో ఎయిర్ తీయాల్సి వస్తే పెడల్ కింద చెక్క ముక్క పెట్టి పూర్తిగా దిగకుండా ఆపండి. రబ్బర్లకి బిగించేటప్పుడు బ్రేక్ ఆయిల్ రాయాలి, చక్రాల గ్రీజు కాదు.

ఎయిర్ తీయడం తెలిసిన పనే అయినా సగం మంది తిరగేసి చేస్తారు. స్లేవ్ మీద గాలి వదలడానికి ఉండే చిన్న నిపిల్‌కి సన్న ట్యూబు పెట్టి, రెండో చివర కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. పైనున్నవాళ్లు తొక్కి పట్టుకోవాలి, అప్పుడు మీరు నిపిల్ వదులు చేయాలి, ఆయిల్ వచ్చాక బిగించాలి, బిగించానని చెప్పాకే వాళ్లు కాలు తీయాలి. బిగించకముందు కాలు తీశారో, పోయిన గాలి మళ్లీ లోపలికే. డబ్బా ఖాళీ కానివ్వకండి, అయ్యిందంటే మొదటి నుంచీ మళ్లీ. నిపిల్‌కి రింగ్ పానాయే వాడండి, పాతది పట్టేసి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి, విరిగితే స్లేవ్ మొత్తం కొనాలి.

ఎంత తీసినా బుడగలు పోకపోతే స్లేవ్ ఎలా బిగించి ఉందో చూడండి. నిపిల్ పైవైపు ఉండాలి, గాలి పైకే పోతుంది కాబట్టి. కింద వైపు పెట్టి రోజంతా ఎయిర్ తీసినవాళ్లున్నారు. నాకు నచ్చిన చిట్కా ఇంకొకటి, మనిషి సాయం కూడా అక్కర్లేదు. స్లేవ్ రాడ్‌ని చేత్తో నెమ్మదిగా లోపలికి నెట్టండి, వదలండి, మళ్లీ నెట్టండి. ఆయిల్ పైకి పోతూ మొండి బుడగల్ని డబ్బాలోకి తీసుకెళ్తుంది, మూత తీసి ఉంచితే బుడబుడమని కనపడతాయి కూడా. డబ్బా నిండుగా ఉంటే పొంగి పెయింట్ మీద పడుతుంది, చుట్టూ గుడ్డ కప్పండి, పడితే వెంటనే నీళ్లు పోసి కడిగేయండి.

ఇదంతా అయ్యాక మళ్లీ స్కేలు. ఒక్క తొక్కుకే రాడ్ పన్నెండు మి.మీ. దాకా కదులుతోంది, పెడల్ గట్టిగా ఉంది, అయినా రివర్స్ గరగరమంటోంది అనుకోండి. అప్పుడు ఖాళీ స్థలంలో, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆన్‌లో క్లచ్ తొక్కి పది సెకన్లు ఆగి రివర్స్ వేయండి. పది సెకన్లు ఆగినా గరగరమంటే క్లచ్ లోపల పూర్తిగా విడట్లేదు. ఫోర్కు వంగిందో, ప్లేటు స్ప్లైన్ల (షాఫ్టు మీది గాడుల) మీద పట్టేసిందో, ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న బేరింగ్ జామ్ అయ్యిందో. ఆగితే శుభ్రంగా పడి, ఆగకుండా వేస్తేనే గరగరమంటే కంగారు లేదు, క్లచ్ తొక్కిన వెంటనే లోపలి షాఫ్టు ఆగదు, చాలా పాత గేర్‌బాక్సుల్లో రివర్స్‌కి సింక్రో (గేర్ల వేగాలు కలిపే ఏర్పాటు) ఉండదు కాబట్టి ఆ షాఫ్టు తిరగడం ఆగేదాకా రెండు క్షణాలు ఓపిక పట్టాలి.

పది సెకన్లు ఆగినా గరగరమంటే మాత్రం సరే, గేర్‌బాక్స్ దించమనండి. దించినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్‌తో పాటు ఆ చిన్న బేరింగ్ కూడా మార్పించండి, చవకదే. క్రాంక్ వెనక సీల్ దగ్గర ఇంజన్ ఆయిల్ కారుతోందేమో మీ కళ్లతో చూడండి, విప్పిన పాత సామాన్లు డిక్కీలో వేయించుకుని తెచ్చుకోండి. ఈలోగా రెండు కొలతలూ రాయండి, కొట్టకముందు ఒకటి, కొట్టాక ఒకటి. డబ్బా లెవెల్ తగ్గిందో లేదో కూడా చెప్పండి, దాన్ని బట్టి ఏ పార్టు కొనాలో చూద్దాం.